ఆ కామా అమ్మగారిది కాదు

1989 జూన్ పన్నెండవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు మన నగర పాలక సంస్థ జనన మరణ నమోదు విభాగపు హాజరుపట్టీలో తొలి సంతకం చేసి, కనిష్ఠ సహాయకురాలిగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన మన పెంపుడు ప్రాణుల అనుమతుల విభాగ పర్యవేక్షకురాలు, ముప్పై అయిదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పది నిమిషాల ఆలస్యమే వారి సర్వీసులోని ఏకైక ఆలస్యమని పాత పట్టీలు తిరగేసిన వారెవరైనా చెప్పగలరు. అది కూడా, హాజరుపట్టీ ఏ గదిలో ఉందో కొత్తగా వచ్చిన మనిషికి చెప్పే నాథుడు ఆ రోజు కార్యాలయంలో లేకపోవడం వల్ల జరిగింది.

కార్యాలయమంతా వారిని అమ్మగారు అంటుంది. వారు గదిలో లేనప్పుడు కామా అమ్మగారు అంటుంది. ఆ పేరు వెనుక పదిహేనేళ్లనాటి పెరటి కోళ్ల నిబంధనల గొడవ ఉంది. అంతటి జాగ్రత్తపరురాలు ఒకే ఒక్కసారి ఏమరుపాటున ఒక కామా తప్పు పెట్టారనీ, దానితో నగరంలోని కోళ్లన్నిటికీ ప్రాణం మీదికి వచ్చిందనీ అందరికీ తెలిసిన కథ. ఆ కథ అబద్ధం. ఆ కామా పెట్టినవాడు ఈ వ్యాసం రాస్తున్న గుమాస్తా. ఈ వీడ్కోలు సంచిక అచ్చయి సహోద్యోగుల చేతికీ, అమ్మగారి కుటుంబ సభ్యుల చేతికీ అందే నాటికి ఆ మచ్చ వారి పేరు మీద ఉండకూడదన్నదే ఈ నాలుగు పేజీల ఆరాటం. ఇంతటి ఘనకార్యం చేసినవాడు ఒకరి అభినందన వ్యాసంలో "నేను, నేను" అంటూ ముందుకు తోసుకురావడం బాగుండదు గనుక, అతణ్ని ఇక్కడ గుమాస్తా అనే పిలుద్దాం.

జనన మరణ విభాగంలో అమ్మగారు ఏడేళ్లు పనిచేశారు. తమ చేతి మీదుగా వెళ్లే ప్రతి కాగితాన్నీ మూడుసార్లు పైకి చదివే అలవాటు వారికి అక్కడే అబ్బింది. మొదటిసారి అధికారిగా, రెండోసారి సామాన్య పౌరుడిగా, మూడోసారి పేచీకోరుగా చదివేవారు. మూడోసారి చదివేటప్పుడు గొంతు కూడా మార్చేవారు. కొత్తగా చేరినవాళ్లు గది బయట నిలబడి, లోపల ఎవరో అమ్మగారితో కయ్యానికి వచ్చారనుకుని హడలిపోయిన సందర్భాలు కొల్లలు. 1996లో భవన నిర్మాణ అనుమతుల విభాగానికి మారిన తరువాత కొలత టేపు వారి చేతిసంచిలో శాశ్వత నివాసం ఏర్పరచుకుంది. కాగితం మీద ఉన్న అడుగులు నేల మీద ఉన్నాయో లేదో తామే స్వయంగా వంగి చూసేవారు. 2007లో ఫిర్యాదుల విభాగానికి వచ్చారు. కోళ్లు వారి జీవితంలోకి ప్రవేశించింది అక్కడే.

వచ్చిన రెండేళ్లకు ఒక నర్సు ఫిర్యాదు ఇచ్చారు. ఆమెది రాత్రి డ్యూటీ, పగలే నిద్ర. పక్కింటి పెరట్లో పుంజు. పుంజు తెల్లవారుజామున మాత్రమే కూస్తుందనుకునేవాళ్లు పుంజు పక్కన కాపురం ఉండనివాళ్లే! "అది తొమ్మిదింటికి కూస్తుంది, పదకొండింటికి కూస్తుంది, నేను కన్ను మూస్తే కూస్తుంది మేడమ్. దానికి నా మీద పగ," అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మరునాడే ఆ పుంజు యజమాని వచ్చి, "నాలుగు గుడ్లు ఇంట్లో పెడతాయని కోళ్లు పెంచుకుంటే ఇంత రాద్ధాంతమా?" అని బల్ల గుద్దారు. ఇద్దరి మాటా విన్న అమ్మగారు ఒక విషయం గ్రహించారు. గుడ్లు కావలసినవారికి పుంజుతో పని లేదు. పెట్ట తనంతట తానే గుడ్డు పెడుతుంది. నిద్ర కావలసినవారికి పెట్టతో పేచీ లేదు. నగరంలో దీనికొక నిబంధన లేకపోవడమే అసలు చిక్కు.

ఆ నిబంధనలు రాసే బాధ్యత అమ్మగారి మీదే పడింది. రాయడానికి ముందు వారు పదకొండు పెరళ్లు తిరిగారు, గూళ్లలోకి తలదూర్చి చూశారు, రెండుసార్లు పొడిపించుకున్నారు. ఇంటికి ఆరు కోళ్లకు మించరాదు, గూడు పొరుగువారి గోడకు పది అడుగుల దూరంలో ఉండాలి, దాణా మూత ఉన్న డబ్బాలోనే నిల్వ చేయాలి అంటూ తొమ్మిది నిబంధనలు సిద్ధమయ్యాయి. ఏడవది పుంజు గురించి. దానికి వారు పడిన తర్జనభర్జన అంతా ఇంతా కాదు. "పెంచరాదు అంటే, మేం పెంచలేదు, పెరిగినదాన్నే తెచ్చుకున్నాం అంటారు. ఉంచరాదు అంటే, మేం ఉంచలేదు, అదే వచ్చి ఉంటోంది అంటారు," అని పేచీకోరు గొంతుతో తమతో తామే వాదించుకుని, చివరికి "నివాస గృహముల పెరటిలో పుంజు పెట్టరాదు" అని తమ స్వహస్తంతో రాశారు.

అది టైపు చేయవలసినవాడు గుమాస్తా. అప్పటికతను తాత్కాలిక టైపిస్టు, చేరి మూడేళ్లయింది. ఆ తరువాతి నెలాఖరున పర్మినెంటు చేసేవారి జాబితా రావలసి ఉంది. తెలుగు బాగా వచ్చునని అతనికి తన మీద తనకు మహా నమ్మకం. ఏడవ నిబంధన దగ్గర అతని వేళ్లు ఆగాయి. "పుంజు పెట్టరాదు" అని ఉంది. అతనికి అందులో పుంజు కనిపించింది, పెట్ట కనిపించింది, రాదు కనిపించింది. 'అయ్యో, అమ్మగారంతటివారు మధ్యలో కామా మరిచిపోయారే పాపం,' అనుకుని, కామా పెట్టి, పెట్ట పక్కన కాస్త ఖాళీ వదిలి, "పుంజు, పెట్ట రాదు" అని సరిచేసి, ఆ పూటకి తనని తానే మెచ్చుకున్నాడు.

అమ్మగారు అది మూడుసార్లు చదివి ఉంటే ఆ కథ అక్కడే ముగిసేది. కానీ సరిగ్గా ఆ వారమే వారి శ్రీవారికి గుండె శస్త్రచికిత్స జరిగింది. నగర బస్సుల్లో పాతికేళ్లు డ్రైవరుగా పనిచేసిన మనిషి ఆస్పత్రి మంచాన పడ్డారు. అమ్మగారు సెలవులో ఉండి కూడా, కాగితాలు ఆగిపోకూడదని, అరగంట పాటు సంతకం కోసం వచ్చారు. కలం తీసి, గుమాస్తా ముఖంలోకి చూసి అడిగారు.

"నాయనా, నేను రాసింది రాసినట్టే ఉందా?"

"ఉందండీ," అన్నాడు గుమాస్తా. అక్కడితో ఊరుకోక, "ఇంకా మెరుగ్గా ఉంది," అని కూడా అన్నాడు.

అమ్మగారు సంతకం చేసి ఆస్పత్రికి వెళ్లిపోయారు.

నిబంధనలు అచ్చయి గోడలకెక్కాక నగరం పకపకా నవ్వింది. మూడవ నిబంధన ఆరు కోళ్లు పెంచుకోవచ్చు అంటుంది. ఏడవ నిబంధన పుంజు రాదు, పెట్టా రాదు అంటుంది. "పుంజూ కాక, పెట్టా కాక, మూడో రకం కోడి ఎక్కడ దొరుకుతుందో ఆ చిరునామా కూడా వెయ్యండి బాబూ," అని సంతలో కూరగాయలవాళ్లు సైతం వేళాకోళం చేశారు. నవ్వనివాడు ఒక్కడే, కొత్తగా వచ్చిన ఆరోగ్య తనిఖీ అధికారి. అక్షరం ఉంటే అమలు చేయాలన్నది ఆయన పట్టుదల. మూడు వందల ఇళ్లకు నోటీసులు వెళ్లాయి. పదిహేను రోజుల గడువు తరువాత, ఒక గురువారం ఉదయం ఆరు గంటలకు కోళ్లను పట్టుకునే వ్యాను బయలుదేరాలని ఉత్తరువు. పట్టిన కోళ్లను ఏం చేస్తారో నోటీసులో రాయలేదు; రాయనక్కరలేదు కూడా.

అమ్మగారు సెలవు ముగించుకుని వచ్చింది ఆ బుధవారం నాడే. సంతకమైన కాగితాన్ని వారు మళ్లీ చూడలేదు. నోటీసుల సంగతి వారికి తెలియదు. కుర్చీలో కూర్చున్నారో లేదో, ఒక ముసలి దర్జీ చంకలో బుట్టతో లోపలికి వచ్చారు. బుట్టలో గోధుమరంగు పెట్ట.

"ఇదిగోనమ్మా, మీవాళ్లకు మా ఇంటి దాకా శ్రమెందుకని నేనే తెచ్చేశాను. ఇది మా పెద్దకోడలు. మిగతా అయిదుగురు ఇంట్లో ఉన్నారు. వాళ్లని రేపు వ్యానులో ఎక్కించుకోండి, కాదనను. దీన్ని మాత్రం వ్యాను ఎక్కించకండి. దీనికి కుదుపు పడదు," అన్నారాయన.

పెద్దకోడలన్న మాట విని అటెండరు బిత్తరపోయి తలుపు వైపు చూశాడు. అమ్మగారు లేచి, "తాతగారూ, ముందు కూర్చోండి. పెట్టల్ని ఎవరు పట్టుకెళ్తారు? మేం వద్దన్నది పుంజునే కదా?" అన్నారు.

దర్జీ జేబులోంచి నోటీసు తీసి చేతిలో పెట్టారు. అమ్మగారు చదువుతూ ఉండగానే బుట్టలోంచి బయటపడిన పెద్దకోడలు బల్ల కిందికి నడిచి, కొత్తగా వచ్చిన పత్రాలు వేసే తట్టలో సర్దుకుని కూర్చుంది. కొంతసేపటికి లేచి, చేయవలసిన ఘనకార్యం చేశానని గదంతా వినిపించేలా చాటింది. తట్టలో దరఖాస్తుల మీద గుడ్డు.

దర్జీ కంగారుపడి చేతులు జోడించారు. "క్షమించమ్మా. నోరులేనిది, దానికి రూలు తెలియదు. ఇంతకీ గుడ్డు కూడా పెట్టరాదా?"

పెట్టరాదా అన్న మాట చెవినపడగానే అమ్మగారు తట్ట వైపు నుంచి తల తిప్పారు. నోటీసు మళ్లీ చూశారు. పెట్ట. ఖాళీ. రాదు. పెదవులు కదిపి, రెండూ కలిపి చదివారు. పక్క బల్ల దగ్గరున్న గుమాస్తాకూ అదే క్షణంలో అర్థమైంది.

"నాయనా, ఆ ఫైలు పట్రా. నా ముసాయిదా అందులోనే ఉంటుంది," అన్నారు అమ్మగారు.

గుమాస్తా పక్కగదికి వెళ్లాడు. ఫైలు తెరిచాడు. ముత్యాల్లాంటి చేతిరాత, "పుంజు పెట్టరాదు", కలిపి, కామా లేకుండా, కళ్లకు కట్టినట్టు ఉంది. నెలాఖరు జాబితా గుర్తొచ్చింది. ఆ కాగితం తీసి, మడిచి, బీరువా రెండో అరలో పాత టైపు మిషను మీద కప్పిన గుడ్డ కింద దాచాడు. తిరిగి వచ్చి, "ముసాయిదా దొరకలేదండీ," అన్నాడు.

అమ్మగారు అతని వైపు చూశారు. ఎంతసేపు చూశారో అతను చెప్పలేడు. తల ఎత్తలేదు గనుక. ఆ తరువాత, "సరే. సవరణ ప్రకటన టైపు చెయ్యి. నేను చెబుతాను," అన్నారు. సవరణ కాగితంలో కారణం అనే గడి ఒకటి ఉంటుంది. దానికి వచ్చేసరికి వారి గొంతు మారలేదు, మాట తడబడలేదు. "ముసాయిదా రచనలో నా ఏమరుపాటు," అని చెప్పి రాయించారు. వారు చేయని తప్పును, చేసినవాడే తన వేళ్లతో టైపు చేశాడు. ఈసారి ఒక్క అక్షరం కూడా మెరుగుపరచలేదు.

సాయంత్రం అయిదింటికల్లా కమిషనరు సంతకం అయింది. అమ్మగారు స్వయంగా వాహనాల షెడ్డుకు నడిచి వెళ్లి, వ్యాను డ్రైవరు చేతికి సవరణ అందించి, "రేపు హాయిగా పడుకో నాయనా," అన్నారు. మూడు వందల ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. పెద్దకోడలు తన బుట్టలో, కుదుపు లేకుండా, ఇంటికి వెళ్లింది.

అమ్మగారికి మాత్రం మెమో వచ్చింది. సర్వీసు రిజిస్టరులో అజాగ్రత్త అని ఎర్రసిరాతో నమోదైంది. రావలసిన పదోన్నతి మూడేళ్లు వెనక్కి పోయింది. వారు పని నేర్పినవాళ్లిద్దరు వారికంటే పైమెట్టు ఎక్కారు. గుమాస్తా పేరు నెలాఖరు జాబితాలో నాలుగవదిగా వచ్చింది. కామా అమ్మగారు అన్న పేరు పుట్టింది కూడా అప్పుడే. ఎదురుగా ఎవరైనా నోరుజారి అనేసినా వారు నవ్వి ఊరుకునేవారు. గుమాస్తా ఆ నవ్వు చూసిన ప్రతిసారీ కుక్కిన పేనులా కూర్చునేవాడు. చెబుదామని మూడుసార్లు వారి గది దాకా వెళ్లి, ఒకసారి సెలవు చీటీ, ఒకసారి గొళ్లెం ఊడిన కిటికీ, ఒకసారి వాన సంగతి మాట్లాడి వచ్చాడు. ఈ మధ్యలో అమ్మగారు పెంపుడు ప్రాణుల విభాగానికి పర్యవేక్షకురాలై, కోళ్ల అనుమతులను దరఖాస్తుదారులకు ఏ చికాకూ లేని వ్యవహారంగా తీర్చిదిద్దారు. నేడు నగరంలో పందొమ్మిది వందల గూళ్లు ఉన్నాయి, నర్సులు నిద్రపోతున్నారు.

గత నెలలో సంచిక సంఘంవారు గుమాస్తాను పిలిచి, "అమ్మగారి దగ్గర ఎక్కువ కాలం పనిచేసింది నువ్వే కదా, వ్యాసం నువ్వే రాయాలి. ఆ కామా కథ మాత్రం సరదాగా రాయవయ్యా," అన్నారు. అతను సరేనన్నాడు. ఆ రాత్రి నుంచి అన్నం సహించలేదు. ఆదివారం ఉదయం ఆ పాత కాగితం చొక్కాజేబులో పెట్టుకుని అమ్మగారి ఇంటికి వెళ్లాడు. ముందుగదిలో వారి శ్రీవారు ఫ్యాను రెక్కలు తుడుస్తున్నారు. ఊరి నుంచి వచ్చిన కుమార్తె స్టూలు పట్టుకుని నిలబడి ఉన్నారు. గుమాస్తా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

అమ్మగారు దాన్ని ముట్టుకోలేదు. "బీరువా రెండో అర. టైపు మిషను గుడ్డ కింద," అన్నారు.

గుమాస్తా కాగితం వైపూ, అమ్మగారి వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఆ బీరువా తాళంచెవి నా దగ్గరా ఒకటి ఉండేదయ్యా. సవరణ వెళ్లిన మర్నాడే చూశాను."

"మరి... తీసి చూపించలేదేమండీ?"

"నెలాఖరున నీ జాబితా ఉంది కదా. ఆ ఒక్క నెల ఆగుదామనుకున్నాను. తర్వాత నువ్వే వచ్చి చెబుతావనుకున్నాను. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని పదిహేనేళ్లు చూశాను. కామా పెట్టావని నాకు కోపం రాలేదు. దొరకలేదండీ అన్నావు చూడు, దానికి వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, దాచుకోవడం దేనికి?"

"ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ని అమ్మగారూ."

"అడిగితే నేను చెప్పించినట్టవుతుంది. నువ్వు చెప్పినట్టవదు."

అప్పుడు ఫ్యాను దగ్గర అలికిడైంది. శ్రీవారు స్టూలు దిగి, చేతిలో తడిగుడ్డతోనే వచ్చి, బల్ల మీది కాగితాన్ని అక్షరం అక్షరం చదివారు. చదివి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"అయితే, నా వల్ల కాదన్నమాట," అన్నారు.

"ఏమిటండీ మీ వల్ల?" అన్నారు అమ్మగారు.

"ఆస్పత్రిలో నేను పడి ఉన్నందువల్ల, నా బెంగతోనే నువ్వు ఆ తప్పు చేశావనుకున్నాను. నీ ప్రమోషను నా మూలానే పోయిందనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

అమ్మగారి ముఖం చూడాలి అప్పుడు! మెమో వచ్చిన నాడు చెదరని మనిషి, ముప్పై అయిదేళ్లలో ఎవరి ముందూ కంట తడి పెట్టని మనిషి, "అయ్యో, నాకొక్క మాటైనా చెప్పలేదేమండీ!" అంటూ ఆయన పక్కన చతికిలపడిపోయారు.

"చెబితే మళ్లీ నన్ను నువ్వు ఓదార్చాలి. నీకదో పనా?" అన్నారాయన. అని, నవ్వారు. ఆ ఇంట్లో ఆ తరువాత ఎవరు నవ్వారో, ఎవరు ఏడ్చారో విడదీసి రాయడం గుమాస్తా తరం కాదు. కుమార్తె మాత్రం అతని వైపు తిరిగి, "అన్నయ్యా, మిమ్మల్ని తిట్టాలో, మీకు కాఫీ ఇవ్వాలో తెలియడం లేదు," అన్నారు. రెండూ చేశారు.

బయలుదేరబోతుంటే అమ్మగారు వాకిట్లో ఆపారు. "నాకు చెప్పడం పెద్ద గొప్ప కాదు, నాకు తెలిసిందే. ఈయనకు తెలియలేదు చూడు. తెలియనివాళ్లు ఇంకా ఎందరున్నారో, వాళ్లందరికీ చెప్పు," అన్నారు. అందుకే ఈ వ్యాసం. సోమవారం ఉదయం గుమాస్తా ముసాయిదాను జతచేసి కమిషనరుగారికి అర్జీ పెట్టుకున్నాడు. గత శుక్రవారం అమ్మగారి సర్వీసు రిజిస్టరులోని ఎర్రసిరా నమోదును రద్దు చేస్తూ ఉత్తరువు వెలువడింది. అదే రోజు మధ్యాహ్నం గుమాస్తాకు మెమో అందింది. రెండు పేజీల సంజాయిషీ రాసి ఇచ్చి, ఇంటికి వెళ్లి, పదిహేనేళ్లుగా ఎరగని నిద్ర పోయాడు. ఇక మీదట ఈ కార్యాలయంలో ఎవరికైనా ఆ ముద్దుపేరు నోటికి వస్తే, అతణ్ని పిలవండి, పలుకుతాడు.

విధి నిర్వహణలో రవ్వంత పక్షపాతమైనా దొర్లుతుందేమోనని ఈ విభాగంలో ఉన్నంతకాలం అమ్మగారు తమ పెరట్లో ఒక్క కోడిని కూడా పెంచుకోలేదు. ఈ వారమే వారి శ్రీవారి పేరు మీద ఆరు పెట్టలకు దరఖాస్తు వచ్చింది. గుమాస్తా వెళ్లి గోడకూ గూటికీ మధ్య దూరం కొలిచాడు, పదకొండడుగులు వచ్చింది.

అమ్మగారూ, మీకు దృఢమైన ఆరోగ్యమూ, తొందరలేని ఉదయాలూ, మీ మాటకు ఎదురుచెప్పని మోకాళ్లూ దీర్ఘకాలం తోడుండుగాక. మీ శ్రీవారు మీ పక్కనే చిరకాలం చల్లగా ఉందురుగాక. అయ్యా, మీకొక మాట. ఇది అచ్చులో ఉంది గనుక ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చదువుకోవచ్చు. ఆ రోజు ఆస్పత్రి మంచం మీద మీరు చేసిన తప్పు ఏదీ లేదు.